పర్మిట్ కొన్నా టికెట్ ఎందుకు పడుతుంది?

ఆగస్టు వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం అమెరికా యూనివర్సిటీ అపార్ట్‌మెంట్ల నుంచే ఉంటాయి. ఇళ్లు మారేది, పర్మిట్లు మారేది అప్పుడే మరి. అందుకే ఈసారి పార్కింగ్ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను.

నేను అమెరికాలో దక్షిణాది రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ ఫ్యామిలీ హౌసింగ్‌లో ఆరేళ్లు ఉన్నాను. అందులో మూడేళ్లు అక్కడి పార్కింగ్ ఆఫీసు కౌంటర్లో వారానికి 20 గంటలు పనిచేశాను. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు అంతకు మించి చేయకూడదు కదా. చేతిలో టికెట్, అంటే జరిమానా కాగితం, పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లల్ని ఎంతమందినో చూశాను. ఒకసారి నేనే కౌంటరుకు అవతలివైపు నిలబడాల్సి వచ్చింది, ఆ సంగతీ కింద రాశాను. పర్మిట్ ధరలు, గడువులు ఒక్కో క్యాంపస్‌లో ఒక్కో రకంగా ఉంటాయి, అంకెలు మీ యూనివర్సిటీ నిబంధనల్లోనే చూసుకోండి. పద్ధతి మాత్రం దాదాపు అంతటా ఒకటే.

ప్రశ్న: అక్కా, నేను డాలస్ దగ్గర ఎంఎస్ చేస్తున్నాను. ఉద్యోగం వచ్చి కాలిఫోర్నియా వెళ్లిపోతున్న సీనియర్ అన్న దగ్గర పాత కరోలా కొన్నాను. కొన్నరోజే రెసిడెంట్ పర్మిట్ కూడా తీసుకున్నాను. అయినా పది రోజుల్లో మూడు టికెట్లు పడ్డాయి. మూడింటి మీదా 'పర్మిట్ లేదు' అనే ఉంది. డబ్బు కట్టిన రసీదు నా దగ్గర ఉంది. ఇదెక్కడి న్యాయం?
(కరీంనగర్ నుంచి వెళ్లిన విద్యార్థి, రిచర్డ్‌సన్, టెక్సస్)

తమ్ముడూ, ముందు ఒకటి అడుగుతాను. పర్మిట్ కొన్నప్పుడు కారుకున్న నంబరు ప్లేట్, ఇప్పుడు ఉన్న ప్లేట్ ఒకటేనా? నీ ఉత్తరం చదవగానే నాకు వచ్చిన అనుమానం అదే.

ఒకప్పుడు పర్మిట్ అంటే అద్దం మీద అంటించే స్టిక్కరో, లోపలి అద్దానికి తగిలించే అట్టముక్కో. ఇప్పుడు చాలా క్యాంపసుల్లో నీ ప్లేట్ నంబరే నీ పర్మిట్. కెమెరాలు బిగించిన బండి వరుసలవెంట తిరుగుతూ ప్లేట్లు చదువుకుంటూ పోతుంది. దానికి నీ పేరు తెలియదు, నీ రసీదు తెలియదు. ఆ అక్షరాలూ అంకెలూ జాబితాలో ఉన్నాయా లేవా అన్నదే చూస్తుంది. టెక్సస్‌లో కారు అమ్మినవాళ్లు తమ ప్లేట్లు తీసేసుకుంటారు. మీ అన్న కూడా తీసుకుని ఉంటాడు. నువ్వు 30 రోజుల్లోపు టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం, నీ పేరున మార్చుకోవాలి కాబట్టి కౌంటీ ఆఫీసుకు వెళ్లి ఉంటావు, వాళ్లు కొత్త ప్లేట్లు ఇచ్చి ఉంటారు. పార్కింగ్ ఖాతాలో మాత్రం మీ అన్న నంబరే మిగిలిపోయింది. అంటే నువ్వు కట్టిన డబ్బుతో, ఇప్పుడు ఏ కారుకూ లేని ప్లేటుకు పర్మిట్ ఉంది.

నేను పనిచేసే రోజుల్లో డీలర్ దగ్గర కొన్న కార్లతోనే ఈ గొడవ ఎక్కువగా వచ్చేది. కాగితపు తాత్కాలిక ట్యాగ్ నంబరు మీద పర్మిట్ తీసుకునేవాళ్లు, రెండు నెలలకు లోహపు ప్లేట్ వచ్చేది, మార్చడం మర్చిపోయేవాళ్లు. 2025 జూలై 1 నుంచి టెక్సస్‌లో డీలర్లు ఆ కాగితపు ట్యాగులు ఇవ్వడం ఆగిపోయింది, నేరుగా లోహపు ప్లేట్లే బిగిస్తున్నారు. మనిషి దగ్గర మనిషి కొనుక్కునే కార్లకు మాత్రం నీకు వచ్చిన చిక్కు ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడే ఖాతా తెరిచి ప్లేట్ నంబరు మార్చు. సున్నాకూ ఇంగ్లీషు 'ఓ' అక్షరానికీ తేడా చూసుకో. రాష్ట్రం అని అడిగే చోట టెక్ససే ఉందో లేదో చూడు. ఆ గడిలో పొరపాటున వేరే రాష్ట్రం పడి టికెట్లు తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. ఆ తర్వాత అప్పీల్ పెట్టు. మూడు టికెట్లకు మూడు అప్పీళ్లు, గడువు దాటకుండా.

అప్పీల్ ఎలా రాయాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. మా కౌంటరుకు వచ్చిన అప్పీళ్లను తేదీల వారీగా పెట్టి కమిటీకి పంపే పని నాది. మన పిల్లలు రాసిన వాటిలో మొదటి పేరా అంతా నాన్న చేసిన అప్పు, రూపాయి విలువ, పరీక్షల టెన్షన్. చదువుతుంటే నా గుండె తరుక్కుపోయేది, అదంతా నాకూ ఉంది కాబట్టి. కమిటీకి మాత్రం వాటిని పట్టించుకునే అధికారమే లేదు. ఆ రోజు, ఆ చోట, ఆ కారుకు హక్కు ఉందా? బోర్డు కనిపించేలా ఉందా? వాళ్లు చూసేవి ఇవే. నువ్వు రాయాల్సింది నాలుగు వాక్యాలు. పర్మిట్ ఏ తేదీన కొన్నావు, ప్లేట్ ఎప్పుడు మారింది, ఖాతాలో ఎప్పుడు సరిచేశావు, అదే కారు అనడానికి రుజువేంటి. టైటిల్ కాగితం, రిజిస్ట్రేషన్, పర్మిట్ రసీదు జతచెయ్. డబ్బు కట్టినవాడివే అని తేలితే మొదటిసారికి ఫైన్ కొట్టేయడమో, తగ్గించడమో చేసే కమిటీలు చాలా ఉన్నాయి.

ఒక అమ్మాయి పంపిన అప్పీల్ నాకింకా గుర్తుంది. మూడు వాక్యాలు, రెండు ఫొటోలు. మొదటి ఫొటోలో గులాబీ పూలతో వంగిన చెట్టుకొమ్మ, దాని వెనక ఇనుప స్తంభం, అంతే. రెండోదాంట్లో ఆమె ఎడంచేత్తో ఆ కొమ్మను పక్కకు పట్టుకుంది. వెనక 'రిజర్వుడ్' అన్న బోర్డు బయటపడింది. వేళ్ల సందుల్లో పూల రేకులు కూడా కనిపిస్తున్నాయి. టికెట్ రద్దయింది. ఆ వారంలోనే మనిషిని పంపి కొమ్మ కత్తిరించారు.

ప్రశ్న: మాది ఫ్లోరిడా. మా హౌసింగ్ లాట్‌లో (కార్లు పెట్టే మైదానంలో) నా చోటులోనే, నా పర్మిట్‌తోనే పెట్టాను. రివర్స్ చేసి పెట్టానని టికెట్ వేశారు. రివర్స్‌లో పెట్టడం తప్పా?
(నెల్లూరు పాఠకుడు, టాంపా)

మీ దగ్గర తప్పేనండీ. ఫ్లోరిడాలో కార్లకు వెనక ప్లేట్ ఒక్కటే ఉంటుంది. జార్జియా, అరిజోనా, మిషిగన్, పెన్సిల్వేనియాలో కూడా అంతే. వెనకభాగం గోడవైపు ఉంటే కెమెరాకు ప్లేట్ కనిపించదు, అందుకే ముక్కు లోపలికి పెట్టి ఆపమంటారు. మన ఊళ్లో బయటికి తీసేటప్పుడు సులువని రివర్స్ పెట్టడం అలవాటు. ఆ అలవాటు మార్చుకోవడమే మేలు. కొన్ని యూనివర్సిటీలు ముందు బంపర్‌కు బిగించుకోవడానికి అదే నంబరుతో ఇంకో ప్లేట్ అమ్ముతాయి, మీ ఆఫీసులో అడిగి చూడండి. వెనక వరసలోని ఖాళీ గడిలోంచి ముందుకు దూసుకొచ్చి ఆపినా ప్లేట్ దారివైపు కనిపించదు, దానికీ ఇదే టికెట్.

ప్రశ్న: ఏడాదికి సరిపడా డబ్బు కట్టి పర్మిట్ తీసుకుంటే సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఒక్క చోటు కూడా ఉండదు. ఫుట్‌బాల్ ఉన్న శనివారాలైతే మా లాట్‌లోంచే మమ్మల్ని కారు తీసేయమంటున్నారు. మరి మేం దేనికి డబ్బు కట్టినట్టు?
(పీహెచ్‌డీ విద్యార్థిని, కాలేజ్ స్టేషన్, టెక్సస్)

మీ కోపం న్యాయమైనదే. అయితే కొనేటప్పుడు ఎవరూ నోరు విప్పి చెప్పని సంగతి ఒకటుంది. పర్మిట్ అంటే ఆ లాట్‌లో చోటు వెతుక్కునే హక్కు, అంతే. చోటు దొరుకుతుందన్న హామీ అందులో లేదు. మీ పేరున ఒక నంబరు గడి కేటాయిస్తే తప్ప, ఉన్న గడులకంటే ఎక్కువ పర్మిట్లే అమ్ముతారు, అందరూ ఒకే సమయంలో ఉండరన్న లెక్కతో. పగటిపూట బయటికి వెళ్లే ఉద్యోగుల లాట్‌కి ఆ లెక్క సరిపోతుంది. రాత్రికి అందరూ ఇంటికి చేరే హౌసింగ్ లాట్‌కి సరిపోదు. నేను ఆఫీసులో ఉండగా ఈ మాట అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. కుటుంబాలు కాపురముండే చోట గడులకు మించి పర్మిట్లు అమ్మకూడదు. మీ రెసిడెంట్ కౌన్సిల్ ఉంటే రాత్రి 10 గంటలకు వరసగా రెండు వారాలు ఖాళీ గడులు లెక్కపెట్టి, తేదీలతో రాసి ఇవ్వండి. మా బ్లాకుల వాళ్లం అలాగే చేస్తే పక్కనున్న స్టాఫ్ లాట్‌ను సాయంత్రం నుంచి మాకు తెరిచారు.

పార్కింగ్ చోటుకి క్యాంపస్‌లో ఎంత విలువ ఉందో ఒక ఉదాహరణ చెబుతాను. కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీలో నోబెల్ బహుమతి వచ్చిన ప్రొఫెసర్లకు 'ఎన్‌ఎల్' (నోబెల్ లారియెట్) అని బోర్డు పెట్టి ప్రత్యేకంగా చోటు ఇస్తారు. అంతటి గౌరవానికి గుర్తుగా వాళ్లు ఇవ్వగలిగింది కారు పెట్టుకునే చోటు!

ఇక ఫుట్‌బాల్. మీ ఊళ్లో కైల్ ఫీల్డ్ స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు. అంతమంది ఒక్కరోజు వస్తారు కాబట్టి కొన్ని లాట్లు ఖాళీ చేయిస్తారు. ఆటల జాబితా వేసవిలోనే వచ్చేస్తుంది. మీ ఊళ్లో ఆడే శనివారాలన్నీ ఫోన్ క్యాలెండర్లో పెట్టుకుని, ముందురోజు సాయంత్రానికి గుర్తుచేసేలా చేయండి. ఆరోజు కారు తీయకపోతే టికెట్‌తో ఆగదు, టో చేసేస్తారు, అంటే ట్రక్కుతో ఈడ్చుకుపోతారు.

ప్రశ్న: మా అత్తగారూ మామగారూ ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. వాళ్లను తిప్పడానికి మా మరిది న్యూజెర్సీ నుంచి తన కారు తెచ్చి నెలరోజులు మా దగ్గరే ఉంటానంటున్నాడు. గెస్ట్ పర్మిట్ రోజువారీ రేటు చూస్తే కళ్లు తిరిగాయి. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకబ్బాయి తన రెసిడెంట్ పర్మిట్ సగం ధరకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?
(భీమవరం ఆడపడుచు, ఇండియానా)

తీసుకోవద్దమ్మా. ఖచ్చితంగా వద్దు.

పర్మిట్ లేకుండా పెట్టడం పార్కింగ్ తప్పు, ఫైన్ కడితే పోతుంది. ఇంకొకరి పర్మిట్ కొనడం, మనది కాని కారును మన ఖాతాలో పెట్టడం, పాత స్టిక్కర్ మీద తేదీ దిద్దడం, ఇవన్నీ మోసం కిందికి వస్తాయి. వాటి ఫైన్ చాలా ఎక్కువ, ఆ ఏడాదికి పర్మిట్ రద్దు చేయవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఫైలు పార్కింగ్ ఆఫీసు దాటి విద్యార్థుల క్రమశిక్షణ విభాగానికి వెళ్తుంది. మా కౌంటర్లో ఒకేరోజు ఇద్దరు తెలుగు పిల్లలు, అమ్మినవాడూ కొన్నవాడూ, పక్కపక్కన కూర్చుని ఆ నోటీసు చదువుకోవడం చూశాను. ఇద్దరూ మంచి పిల్లలు. బేరమాడింది నలభై డాలర్లకు. అందులో ఒకడి చేతులు వణుకుతుంటే కాగితం చప్పుడు నాకు వినిపించింది. వాట్సాప్‌లో 'పర్మిట్ ఫర్ సేల్' అని పెట్టేవాళ్లకు ఈ ఉత్తరం చూపించండి.

మీకు దారులు లేకపోలేదు. గెస్ట్ పర్మిట్‌కి రోజు లెక్కన, వారం లెక్కన వేరే ధరలుంటాయి. కొన్ని హౌసింగుల్లో ఒక్కో ఫ్లాట్‌కి నెలకు ఇన్ని రోజులని ఉచితంగా ఇస్తారు, అది హౌసింగ్ ఆఫీసులో అడగాలి, పార్కింగ్ ఆఫీసులో కాదు. ఆ రెండూ వేరు, ఒకరి నిబంధన ఇంకొకరికి తెలియదు. చాలా క్యాంపసుల్లో రాత్రులూ వారాంతాలూ కొన్ని లాట్లు అందరికీ తెరిచి ఉంటాయి. పెద్దవాళ్లు వచ్చేది అసలు మీతో ఉండడానికే కాబట్టి, మీ మరిదిని నెల మొత్తం కాకుండా రెండు వారాంతాలు కలిపి వారం పదిరోజులు ఉండమనండి.

ప్రశ్న: కాస్ట్‌కో సూపర్‌మార్కెట్ నుంచి సామాన్లు తెచ్చినప్పుడు ఐదు నిమిషాల కోసం మెట్ల పక్కన నీలంరంగు చారలున్న ఖాళీ స్థలంలో ఆపుతాను. అది పార్కింగ్ గడి కూడా కాదు. మా అమెరికన్ పొరుగాయన ఫిర్యాదు చేశాడు. మనమంటే పడక చేశాడేమో అనిపిస్తోంది.
(పాఠకుడు, హ్యూస్టన్)

అన్నగారూ, మీరు బాధపడినా సరే, ఇందులో ఆయనదే న్యాయం. ఎందుకంటానో చెబుతాను.

మా బ్లాకులో కింది ఇంట్లో ఒక కుటుంబం ఉండేది. వాళ్ల బాబుకు ఏడేళ్లు, బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీలో ఉండేవాడు. మా మెట్ల పక్కన వికలాంగుల కోసం నీలం బోర్డు పెట్టిన గడిలో వాళ్ల వ్యాన్ ఉండేది, దాని పక్కనే మీరు చెప్పిన చారలు. ఒక ఉగాదినాడు మా ఇంట్లో పదిహేనుమందికి భోజనాలు. వచ్చినవాళ్లలో ఒకాయన పులిహోర గిన్నె దించడానికి ఆ చారల మీద కారాపి పైకొచ్చారు. వచ్చి మాటల్లో పడ్డారు.

నేను బాల్కనీలోకి వెళ్లి కిందికి చూసేసరికి సన్నగా వాన పడుతోంది. వ్యాన్ పక్క తలుపు తెరిచి ఉంది. లోపల్నుంచి ఇనుప ర్యాంప్ సగం దాకా వచ్చి, మావాళ్ల కారు తలుపుకు జానెడు దూరంలో ఆగిపోయి ఉంది. బాబు కుర్చీలో వానలోనే ఉన్నాడు. వాళ్లమ్మ తన కోటు విప్పి వాడి తలమీద కప్పలేదు, కుర్చీ చేతిమీదున్న చిన్న మీట మీద కప్పింది. అది తడిస్తే కుర్చీ కదలదట. ఎవరి కారో ఆమెకు తెలియదు కాబట్టి ఏ తలుపూ తట్టలేదు, అలా నిలబడి ఉంది. బాబుకు డాక్టర్ అపాయింట్‌మెంట్ అట, వెళ్లేసరికి దాటిపోయింది. మర్నాడు నేను బొబ్బట్లు పట్టుకుని వెళ్లి క్షమించమన్నాను. ఆమె ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ చారల చోటు ఖాళీ స్థలం కాదు, ఆ గడిలో భాగమే. వ్యాన్ కోసం ఉద్దేశించిన గడికి అమెరికా ప్రమాణాల ప్రకారం 8 అడుగుల గడి, పక్కన 8 అడుగుల చారలు ఉండాలి. లేదంటే 11 అడుగుల గడి, 5 అడుగుల చారలు. ర్యాంప్ దిగి, కుర్చీ తిరగడానికి అంత వెడల్పు కావాలి. మీ టెక్సస్‌లో వికలాంగుల గడిలో పెట్టినా, వాళ్ల ర్యాంపుకు అడ్డంగా ఆపినా రాష్ట్ర చట్టం ప్రకారం మొదటిసారికే 500 నుంచి 750 డాలర్ల దాకా జరిమానా. ఐదు నిమిషాలకు మినహాయింపు లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇచ్చిన నీలం ప్లకార్డ్ (కారు లోపలి అద్దానికి పెట్టే వికలాంగుల కార్డు) తగిలించి, వాళ్లు కారులో లేకుండా ఆ గడి వాడుకోవడం కూడా నేరమే.

సామాన్లు దించడానికి 'లోడింగ్' అని రాసిన గడి చాలా హౌసింగుల్లో ఉంటుంది. లేకపోతే హౌసింగ్ ఆఫీసులో మడత బండి ఇస్తారు, మేం అదే తెచ్చుకునేవాళ్లం. ఎర్రరంగు వేసిన గట్టు పక్కన కూడా ఆపకండి, అది ఫైరింజన్ దారి, మీరు స్టీరింగు దగ్గరే కూర్చుని ఉన్నా లెక్కలోకి రాదు. టెక్సస్‌లో ఫైర్ హైడ్రెంట్‌కి (ఫైరింజన్లు నీళ్లు పట్టుకునే రోడ్డు పక్క కుళాయికి) 15 అడుగుల దూరం వదలాలి, అంటే దాదాపు ఒక కారు పొడవు. పొరుగాయనతో ఒకసారి మాట్లాడండి. వాళ్లింట్లోనో, ఆ వరసలోనో ఎవరికో ఆ చోటు అవసరం ఉండి ఉంటుంది.

ప్రశ్న: డిసెంబరులో నెలన్నరకు ఇండియా వెళ్తున్నాం. కారు హౌసింగ్ లాట్‌లోనే వదిలి వెళ్లొచ్చా? పర్మిట్ మే దాకా ఉంది.
(దంపతులు, నార్త్ కరొలైనా)

వదలొచ్చు, కానీ తాళంచెవి మాత్రం నమ్మకమైనవాళ్ల చేతిలో పెట్టి వెళ్లండి.

నేను కౌంటరుకు అవతలివైపు నిలబడ్డది ఈ విషయంలోనే. తమ్ముడి పెళ్లికి రాజమండ్రి వెళ్లాను. నేను విమానం ఎక్కిన నాలుగో రోజున లాట్‌కి కొత్త తారు వేస్తామని, ఫలానా తేదీలోపు కార్లు తీసేయమని యూనివర్సిటీ ఈమెయిల్‌కి నోటీసు వచ్చింది. పెళ్లి హడావిడిలో ఆ మెయిల్ తెరవలేదు. తిరిగొచ్చింది రాత్రి పన్నెండింటికి, రెండు సూట్‌కేసులు, ఆవకాయ డబ్బా. నా చోట నల్లగా మెరిసే కొత్త తారు, దానిమీద తెల్లటి గీతలు, కారు లేదు. పోయిందనుకుని పోలీసులకు ఫోన్ చేస్తే, టో యార్డులో ఉందన్నారు. టో ఖర్చు ఒకటి, యార్డులో పెట్టినందుకు రోజు లెక్క ఇంకొకటి. పందొమ్మిది రోజులకు నా నెల జీతంలో సగం పైగా పోయింది. నేను పనిచేసే ఆఫీసులోనే అప్పీల్ పెట్టాను, ఒప్పుకోలేదు. నోటీసు నియమం ప్రకారమే పంపారు మరి. విదేశంలో ఉన్న విద్యార్థి కారు తీసేముందు ఒక ఫోన్ కాల్ చేసే పద్ధతైనా ఉండాలని మా మేనేజరుకు రాసిచ్చాను. అది అమలు కాలేదు.

కాబట్టి మీరు లేనన్నాళ్లూ రెండు రోజులకోసారి యూనివర్సిటీ మెయిల్ చూడండి. రిజిస్ట్రేషన్ గడువు మధ్యలో తీరిపోతుందేమో చూసుకోండి, గడువు తీరిన కారును వదిలేసిన బండిగా లెక్కేసే చోట్లున్నాయి. గాలిపోయిన టైరుకూ అంతే. దుమ్ము పడుతుందని కవర్ తొడిగితే ప్లేట్ కప్పబడిపోయి టికెట్ పడుతుంది. ఇన్సూరెన్స్ ఆపకండి.

క్యాంపస్ బయట ప్రైవేట్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. టెక్సస్‌లో అక్కడ అన్యాయంగా టో చేశారనుకుంటే జస్టిస్ కోర్టులో (చిన్న కేసులు చూసే స్థానిక కోర్టులో) విచారణ కోరవచ్చు, శని ఆదివారాలు, సెలవులు తీసేసి 14 రోజుల్లోపు. కొక్కెం తగిలించాక కూడా ట్రక్కు కదలకముందే మీరు చేరుకుంటే, నియమం ప్రకారం ఉన్న చిన్న రుసుము తీసుకుని కారు దించి ఇచ్చేయాల్సిందే.

ప్రశ్న: మినియాపొలిస్‌లో మొదటి చలికాలం. లాట్‌లో చోటు లేక వీధిలో పెడుతున్నాను. మంచు పడ్డ మర్నాడు కారు లేదు.
(అనంతపురం విద్యార్థి)

బాబూ, అక్కడ మంచు ఎక్కువ పడితే నగరం 'స్నో ఎమర్జెన్సీ' ప్రకటిస్తుంది, మూడురోజుల నియమం. మొదటిరోజు రాత్రి 9 నుంచి ఉదయం 8 దాకా ప్రధాన మార్గాల్లో రెండువైపులా పెట్టకూడదు. రెండోరోజు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా మిగతా వీధుల్లో సరిసంఖ్య ఇళ్లున్న వైపు పెట్టకూడదు. మూడోరోజు అదే వేళల్లో బేసిసంఖ్య వైపు. ఆ వైపు మంచు పూర్తిగా తోసేశాక పెట్టుకోవచ్చు. నగర సమాచార నంబరు 311కి ఫోన్ చేస్తే ఇప్పుడు ఎమర్జెన్సీ ఉందో లేదో చెబుతారు, మెసేజ్‌లకు పేరు నమోదు చేసుకో. నీ యూనివర్సిటీ లాట్‌కి మంచు తీసే రోజులు వేరే ఉంటాయి, అవి హౌసింగ్ మెయిల్‌లో వస్తాయి. అనంతపురం నుంచి వచ్చినవాడివి, కారులో పార, బూట్లు, చేతి తొడుగులు పెట్టుకో.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్ రెండో ఏడు. ఫోన్లో ఏడుస్తూ పార్కింగ్ టికెట్ల వల్ల 'హోల్డ్' పడింది, క్లాసులకు రిజిస్టర్ కాలేకపోతున్నాను అంటోంది. దీనివల్ల వీసా పోతుందా? పేపర్లలో ఏవేవో చదివి నాకు రాత్రులు నిద్ర పట్టడం లేదు.
(గుంటూరు)

మాస్టారూ, మీరు ముందు కాస్త స్థిమితపడండి. మీ భయం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను, అంటే వాళ్ల విద్యార్థి హోదాను నమోదుచేసే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులను, రద్దు చేసింది. వాళ్లలో చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లు, కొట్టేసిన కేసులున్నవాళ్లు కూడా ఉన్నారు. చాలామంది కోర్టుకు వెళ్లారు. ఆ నెల 25న రికార్డులు తిరిగి పునరుద్ధరిస్తున్నామని ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది. అప్పటినుంచి మన ఇళ్లల్లో టికెట్ అన్న మాట వింటేనే గుండె జారుతోంది.

కానీ టికెట్లన్నీ ఒకటి కావు. యూనివర్సిటీ పార్కింగ్ ఆఫీసు వేసే టికెట్ హాస్టల్ బకాయి, లైబ్రరీ జరిమానా లాంటిది. అది అరెస్టు కాదు, కోర్టు శిక్షా కాదు. వీసా దరఖాస్తులో అరెస్టయ్యారా, నేరం రుజువైందా అని అడుగుతారు, ఇది ఆ కిందికి రాదు. అమ్మాయికి పడిన హోల్డ్ కేవలం డబ్బు బాకీ ఉందని కంప్యూటర్లో పెట్టిన అడ్డు. కట్టేస్తే తొలగిపోతుంది, చాలాచోట్ల ఒకటి రెండు పనిదినాల్లో.

అయితే ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. రిజిస్ట్రేషన్ గడువులోపు క్లాసులు తీసుకోకపోతే పూర్తికాల విద్యార్థిగా లెక్కలోకి రాదు, వీసా స్థితికి నిజమైన ప్రమాదం అక్కడుంది. కాబట్టి అప్పీల్ చేసే ఉద్దేశం ఉన్నా, గడువు దగ్గర పడితే ముందు కట్టేయమనండి. గెలిస్తే డబ్బు తిరిగిస్తారా అని అడిగి కట్టాలి. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాల కోసం అడగమనండి. ఆ పిల్ల అడగడానికి సిగ్గుపడుతూ ఉంటుంది. మా కౌంటరుకు వచ్చి అడిగినవాళ్లలో చాలామందికి మా మేనేజరు వాయిదాలు ఇచ్చారు, అడగనివాళ్లకు ఎలా ఇస్తారు? ఇంకో పక్క ఇంటర్నేషనల్ ఆఫీసులో తన డీఎస్ఓకి (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారికి) కూడా విషయం ఒక మెయిల్‌లో చెప్పి ఉంచాలి.

అసలు టికెట్ ఎవరు వేశారో చూడడం మర్చిపోవద్దు. నగర పోలీసులో, యూనివర్సిటీ పోలీసులో రాసిన కాగితం మీద కోర్టు పేరు, హాజరు కావాల్సిన తేదీ ఉంటే అది పార్కింగ్ ఆఫీసులో తీరేది కాదు. ఆ తేదీని వదిలేస్తే వారెంట్ దాకా వెళ్లవచ్చు, దానికి లాయరు సలహా కావాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగా సలహా ఇచ్చే లాయరు ఉంటారు.

ఈ రాత్రికే, వాళ్లకు పొద్దున్న అవుతుంది కదా, అమ్మాయికి ఫోన్ చేయండి. ఎన్ని టికెట్లని అడగకండి, ఎందుకు చెప్పలేదని కోప్పడకండి. ప్రతి టికెట్ పైభాగం, అంటే ఎవరు వేశారో రాసి ఉండే మొదటి రెండు లైన్లు, ఫొటో తీసి మీకు పంపమనండి. కోర్టు పేరు ఏ ఒక్కదాని మీదైనా ఉంటే, నాకు మళ్లీ రాయండి.